కర్త – కర్తవ్యం

విశ్వానికి కర్త ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న. మతం లేనిదే మానవుడు నీతిగా జీవించగలడా అన్నది మరొక ప్రశ్న. మన పెద్దలు గాని, వక్తృత్వపు పోటీలలో పాల్గొనే మన మిత్రులు గాని ఈ రెండింటినీ జంటగానే అడుగుతూ ఉంటారు. కర్త లేడన్నవాడు నీతికి నీళ్ళు వదలినట్లేనని ఒక పక్షం వాదిస్తుంది. మతం లేకుండానే నీతి సాధ్యమైతే కర్త కూడ అనవసరమేనని మరొక పక్షం బదులు చెప్పుతుంది. ఇరుపక్షాలకూ ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉన్నది. ఆ రెండు ప్రశ్నలకూ విడదీయరాని ముడి ఉన్నదని ఇద్దరూ నమ్ముతారు. ఆ ముడి సహజమైనదేనా, లేక మనం వేసుకున్నదా అని పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

మేము తత్త్వశాస్త్రం అభ్యసించినవారం కాము, విజ్ఞానశాస్త్ర విద్యార్థులం. దైవాన్ని విశ్వసించే కుటుంబంలో పుట్టి, నేటికీ ఆ విశ్వాసంతోనే ఉన్నవారం. అయినను ఈ ప్రశ్న మాకు గ్రంథాలయంలో కంటె వసతిగృహంలో, మెస్సు లెక్కల పుస్తకం ముందు, గట్టిగా ఎదురైనది. కనుక ఇంతటి గహనమైన విషయంపై కలం పట్టడానికి సాహసిస్తున్నాము. పాఠకమహాశయులు మన్నింతురు గాక.

మొదట కర్తను గురించి ఆలోచింతము. కుండను చూచి కుమ్మరిని ఊహించడం మన దేశంలో అతి ప్రాచీనమైన యుక్తి. కార్యమున్నచోట కర్త ఉండితీరవలెనని నైయాయికులు వాదించారు. ఆ వాదానికి పరాకాష్ఠ ఉదయనాచార్యుని ‘న్యాయకుసుమాంజలి’. అయితే ఈ వాదాన్ని ఖండించినవారందరూ వేదనిందకులని తలచరాదు. వేదప్రామాణ్యాన్ని కంటికి రెప్పవలె కాపాడిన మీమాంసకులలో అగ్రగణ్యుడైన కుమారిలభట్టు జగత్తుకు సృష్టికర్త అవసరం లేదని తర్కించాడు. ధర్మం విషయంలో మాత్రం ఆయన పట్టుదల ఎవరికీ తీసిపోయినది కాదు. జైనులు లోకం అనాదియని, దానిని సృష్టించినవాడు లేడని చెప్పి, చీమకు సైతం హాని చేయరాదని నియమం పెట్టుకున్నారు. బౌద్ధులు సృష్టికర్తను అంగీకరింపకయే పంచశీలాన్ని ఆచరించారు. అనగా కర్త ఒక చర్చ, ధర్మం మరొక చర్చ అన్న వివేచన ఈ నేలకు కొత్త కాదు.

ఇస్లామీయ తత్త్వచింతనలోనూ ఈ విషయమై గొప్ప వాదోపవాదాలు జరిగినవి. ఆరంభం కలిగిన ప్రతిదానికీ కారణం ఉండవలెను; లోకానికి ఆరంభం ఉన్నది; కనుక లోకానికి కారణం ఉన్నదని ఇమామ్ గజాలీ (1058–1111) వాదించారు. లోకం అనాదియని చెప్పిన తత్త్వవేత్తలను ఆయన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ అను గ్రంథంలో ఖండించారు. స్పెయిను దేశపు ఇబ్న్ రుష్ద్ (1126–1198) దానికి ప్రతిఖండనగా ‘తహాఫుతుత్ తహాఫుత్’ రచించారు. ఈ ఇబ్న్ రుష్ద్ నాస్తికుడు కాడు. న్యాయస్థానంలో ఖాజీగా తీర్పులు చెప్పిన ధర్మశాస్త్రవేత్త. లోకానికి కాలంలో ఆరంభం ఉన్నదా లేదా అన్న విషయంలో ఇద్దరు విశ్వాసులే భిన్నాభిప్రాయులైనారు. అందువలన వారిలో ఎవరి నీతికీ లోపం రాలేదు.

నేటి విజ్ఞానం ఈ చర్చను ముగించినదా? వ్యాకోచిస్తున్న విశ్వం ఒకప్పుడు అత్యంత సాంద్రమైన స్థితిలో నుండి బయలుదేరినదని 1931లో ప్రతిపాదించిన జార్జి లెమైత్ర్ బెల్జియం దేశపు క్రైస్తవ గురువు. ఆ ఆదిమస్థితి నుండి మిగిలిన వికిరణాన్ని 1965లో పెంజియాస్, విల్సన్ అను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలని నేటి గణన. 1951లో పన్నెండవ పయస్ పోపు ఈ సిద్ధాంతంలో సృష్టివాదానికి బలం కనిపిస్తున్నదని ఒక ప్రసంగంలో సూచించినప్పుడు లెమైత్ర్ సంతోషింపలేదు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు వెలుపల నిలుస్తుందని, విశ్వాసికీ అవిశ్వాసికీ దానిని సమానంగా అంగీకరించే స్వేచ్ఛ ఉన్నదని ఆయన అభిప్రాయం. తన మతానికి అనుకూలంగా కనిపించే వాదాన్ని కూడ తన శాస్త్రం మోయగలిగినంత మేరకే మోయనిచ్చిన ఆ నిజాయితీ మాకు ఎంతో ఆదర్శప్రాయంగా తోచినది.

1979వ సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమానాన్ని ముగ్గురు పంచుకున్నారు. వారిలో అబ్దుస్ సలామ్ పరమ విశ్వాసి. స్టాక్‌హోమ్‌లో జరిగిన విందులో ఖురాన్ వాక్యాలను పఠించినవారు. స్టీవెన్ వైన్‌బర్గ్ తాను మతాన్ని నమ్మనని దాచకుండా చెప్పుకున్నవారు. మూడవవారు షెల్డన్ గ్లాషో. విద్యుదయస్కాంత బలాన్ని, బలహీన కేంద్రకబలాన్ని ఏకం చేసిన ఆ సిద్ధాంతానికి సలామ్, వైన్‌బర్గ్‌లు వేరువేరుగా పనిచేసి చేరుకున్నారు. సమీకరణం ఇద్దరికీ ఒకటే. ప్రకృతి ఎట్లా నడుస్తున్నదో ఆ సమీకరణం చెప్పుతుంది. ప్రకృతి అసలు ఎందుకు ఉన్నదో చెప్పదు. ఆ రెండవ ప్రశ్నకు సలామ్ ఒక సమాధానంతో, వైన్‌బర్గ్ మరొక సమాధానంతో జీవించారు. మేము సలామ్ పక్షాన ఉన్నాము. కాని మా పక్షం దూరదర్శినితో నిరూపితమైనదని చెప్పుకొనుటకు మాకు అధికారం లేదు. అట్లే ఎదుటిపక్షం కూడ నిరూపితమైనదని చెప్పుకొనజాలదు.

ఇక రెండవ ప్రశ్నకు వద్దాము. గత సంవత్సరం మా వసతిగృహంలో మెస్సు కార్యదర్శిని ఎన్నుకొనవలసి వచ్చినది. లెక్కలలో దిట్టయైన మిత్రుడొకరి పేరు ముందుకు వచ్చినది. ఆ మిత్రుడు గుడికి పోడు; దైవం ఉన్నదని నమ్మనని అందరికీ తెలిసేటట్లు చెప్పేవాడు. రంజాన్ మాసం సమీపిస్తున్నది. సహరీకి, ఇఫ్తార్‌కు వసూలైన సొమ్మంతా కార్యదర్శి చేతిలో ఉంటుంది. అప్పుడు సమావేశంలో ఒక మిత్రుడు లేచి, “దేవునికే భయపడనివాడు మనకు భయపడతాడా? సొమ్ము వానికి ఎట్లా అప్పగించడం?” అని అడిగినాడు. ఆ ప్రశ్నలో ద్వేషం లేదు. బాల్యం నుండి మనమందరం విన్న మాటనే అతడు పైకి అన్నాడు. చాలాసేపు చర్చ జరిగినది. చివరకు ఆ మిత్రుడే కార్యదర్శి అయినాడు.

ఆ నెల రోజులూ ఉపవాసం లేని ఆ యువకుడు తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, వంటవారిని లేపి, సహరీ వేళ దాటకుండ అన్నం పెట్టించాడు. మాసాంతంలో కిరాణా కొట్టు బిల్లు సరిచూస్తూ ఉండగా ఒక నూనె డబ్బా ఖరీదు అందులో చేరలేదని గమనించాడు. అది కొట్టువాని పరాకు, మనకేమి అన్నవారు మాలోనే ఉన్నారు. అన్నవారిలో నమాజు తప్పనివారూ ఉన్నారు, పూజ తప్పనివారూ ఉన్నారు. కార్యదర్శి మాత్రం సాయంకాలం స్వయంగా వెళ్ళి ఆ డబ్బు కట్టి వచ్చాడు. ఎందుకు కట్టినావని మేము అడిగితే ఆయన చెప్పిన సమాధానం చాల చిన్నది. “ఆ డబ్బు అతనిది కదా!” అన్నాడు.

ఆ సమాధానం మమ్మల్ని చాలకాలం ఆలోచింపజేసినది. మా గదిలోనే ఉండే మరొక మిత్రుడు నిష్ఠగా రోజాలు పాటించేవాడు. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయే వేళ, తలుపు మూసిన గదిలో, చేతికందేంత దూరంలో కూజా ఉన్నప్పటికీ చుక్క నీరు ముట్టడు. ఎవరు చూస్తున్నారని అడిగితే “అల్లాహ్ చూస్తున్నాడు” అంటాడు. సాక్షి లేని చోట నిగ్రహం చూపడాన్ని ఏ పాఠ్యపుస్తకమూ ఇంత చక్కగా నేర్పజాలదు. ఇతనిని కూడ మేము ఒకసారి అడిగినాము: “నూనె డబ్బా సంగతి నీకు అప్పగిస్తే ఏమి చేసేవాడివి?” “కట్టేసేవాణ్ణి” అన్నాడు. అల్లాహ్ చూస్తున్నాడనియేనా అని రెట్టించి అడిగినాము. కొంచెం ఆలోచించి, “అదీ ఉన్నది. అయినా అది అతని సొమ్ము కదా!” అన్నాడు. ఇద్దరి మాటా చివరకు ఒక చోటనే ఆగినది.

ఇచ్చట ఒక పాత చర్చ జ్ఞప్తికి వస్తున్నది. దైవం ఆజ్ఞాపించినందువలన మంచి మంచియైనదా, లేక మంచిదైనందువలన దైవం దానిని ఆజ్ఞాపించినదా? గ్రీసు దేశంలో ప్లేటో తన ‘యూథిఫ్రో’ సంవాదంలో సోక్రటీసు చేత ఇటువంటి ప్రశ్ననే అడిగించాడు. బస్రా, బాగ్దాదు నగరాలలో ముతజిలీ పండితులు మంచిచెడులను మానవబుద్ధి తెలుసుకొనగలదని, దైవం న్యాయానికి విరుద్ధంగా ఆజ్ఞాపింపదని వాదించారు. అష్అరీ పండితులు దైవాజ్ఞయే మంచికి ప్రమాణమని, మానవబుద్ధి దైవానికి హద్దులు గీయరాదని అన్నారు. ఈ రెండవ మాటలోని వినయం మాకు అర్థమగుచున్నది. అయినను మాకొక సందేహం. అల్లాహ్ నామాలలో ‘అల్ అద్ల్’ – న్యాయస్వరూపుడు – అన్నది ఒకటి. న్యాయం అంటే ఏమిటో మన హృదయానికి ముందే కొంతైనా తెలియకపోతే, ఆ నామాన్ని ఉచ్చరించి మనం చేసే స్తుతికి అర్థమేమి? న్యాయాన్ని గుర్తించే శక్తిని కర్తయే మానవునిలో ఉంచినాడని మా విశ్వాసం. అది నిజమైతే ఆ శక్తిని కర్త అందరిలోనూ ఉంచి ఉండవలెను, తనను నమ్మనివానిలో కూడ. కనుక నాస్తికుని నీతిని చూచి విశ్వాసి కలవరపడవలసిన పని లేదు.

మరి మతం వలన ప్రయోజనం లేదా? అట్లా అనడం కృతఘ్నత. నీతి తెలియడం వేరు, దానిని అలవాటు చేసుకొనడం వేరు. నిర్ణీత పరిమితికి మించిన సంపద ఏడాదిపాటు ఉన్నవాడు నూటికి రెండున్నర వంతు జకాత్‌గా ఇవ్వవలెనన్న నియమం దానాన్ని దాత మనోభావానికి వదలక, పేదవాని హక్కుగా చేసినది. రోజా ఆకలిని ధనవంతునికి పరిచయం చేసినది. అతిథిని పస్తుంచరాదన్న మాట మన తెలుగు పల్లెలలో ధర్మం పేరుతోనే తరతరాలు నిలిచినది. మా మెస్సు కార్యదర్శి సైతం ఒకనాడు మాటల మధ్య తన నాయనమ్మను తలచుకున్నాడు. తులసికోట ముందు దీపం పెట్టనిదే పచ్చి గంగ ముట్టని ఆ వృద్ధురాలు, పొరుగువారి పెరటిలో రాలిన జామపండును కూడ అడగకుండా తీసుకోరాదని చిన్ననాట నేర్పినదట. ఆమె దైవాన్ని ఆయన విడిచినాడు గాని ఆమె నేర్పిన నీతిని విడువలేదు. నాస్తికుల నీతిలో ఆస్తికుల పెంపకం ఎంత ఉన్నదో ఆలోచించవలసిన బాధ్యత వారిపై ఉన్నది. అంతేకాదు, ఏ న్యాయస్థానమూ అందుకోలేని అన్యాయానికి ఒకనాడు తీర్పు ఉన్నదన్న ఆశను మతం ఇవ్వగలదు. కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ ఆశ ఎంతటి ఊరటయో వాదనతో కొలవలేము.

అయితే మతం ఉన్నంతమాత్రాన నీతి ఉన్నట్లు కాదు; మతం లేనంతమాత్రాన నీతి వచ్చినట్లూ కాదు. దైవం పేరిట జరిగిన రక్తపాతాలు చరిత్ర నిండా ఉన్నవి. దైవాన్ని తొలగించినామని చెప్పుకున్న రాజ్యాలు, స్టాలిన్ కాలపు సోవియట్ రాజ్యం, 1975 నుండి 1979 వరకు కంబోడియాను ఏలిన రాజ్యం, లక్షలాది ప్రాణాలను బలిగొన్నవి. ఏ పక్షమూ ఎదుటిపక్షం వైపు వ్రేలు చూపి తాను తప్పించుకొనజాలదు.

మన సమీప చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచివేసి వేలాది ప్రాణాలను తీసుకున్నది. సముద్రం ఆస్తికుని గుడిసెను, నాస్తికుని గుడిసెను వేరుచేసి చూడలేదు. కరుణామయుడైన కర్త ఉండగా ఇది ఎందుకు జరిగినదన్న ప్రశ్నకు విశ్వాసి వద్ద సులభమైన సమాధానం లేదు. ఉన్నదని చెప్పడం శవాల ముందు నిలబడి చెప్పదగిన మాట కాదు. అయితే ఆ బురదలో దిగి సహాయం చేసినవారు ఎవరు? రామకృష్ణ మిషన్ సన్యాసులు వచ్చారు. మదర్ థెరిసా వచ్చారు. విజయవాడ నుండి నాస్తిక కేంద్రం వారు కూడ వచ్చారు. కర్తను గురించి వారిలో ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు. చేయవలసిన పని ఏమిటన్న విషయంలో వారికి వాదమే లేకపోయినది.

ఆ నాస్తిక కేంద్రాన్ని 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో స్థాపించినవారు గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975). వృక్షశాస్త్ర అధ్యాపకుడై ఉండి నాస్తికత్వం కారణంగా ఉద్యోగాన్ని పోగొట్టుకున్నవారు. అస్పృశ్యతా నిర్మూలన కోసం పాటుపడుతూ 1944లో సేవాగ్రామంలో గాంధీజీని కలుసుకున్నారు. పరమ దైవభక్తునికీ పరమ నాస్తికునికీ మధ్య జరిగిన ఆ సంభాషణలను గోరాగారే తరువాత ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ అను ఆంగ్ల గ్రంథంగా వెలువరించారు. దైవమే సత్యమని చెప్పుతూ వచ్చిన గాంధీజీ 1931 నాటికే సత్యమే దైవమని మాట మార్చి చెప్పి ఉన్నారు. గోరాగారి కుమార్తె అస్పృశ్యులుగా చూడబడిన కులానికి చెందిన యువకుని వివాహమాడ నిశ్చయించినప్పుడు, ఆ వివాహాన్ని తన ఆశ్రమంలో జరిపించడానికి గాంధీజీ అంగీకరించారు. వివాహ ప్రమాణంలో దైవం అన్న చోట సత్యం అన్న మాట ఉంచడానికి కూడ సమ్మతించారు. ఆయన హత్యానంతరం 1948లో ఆ వివాహం సేవాగ్రామంలోనే జరిగినది. ఒకరు తన దైవాన్ని విడువలేదు. ఒకరు తన నాస్తికత్వాన్ని విడువలేదు. మనుషుల మధ్య అంటరానితనం ఉండరాదన్న పనిలో ఇద్దరూ కలిసి నడిచారు.

మన రాజ్యాంగ నిర్మాతలు కూడ ఈ వివేకాన్నే చూపినారని మాకు తోచుచున్నది. రాజ్యాంగపు మూడవ షెడ్యూలులో మంత్రులు, శాసనసభ్యులు, న్యాయమూర్తులు చేయవలసిన ప్రమాణపత్రాలు ఉన్నవి. దైవసాక్షిగా అని ప్రమాణం చేయవచ్చు. దైవం పేరెత్తకుండ ఆత్మసాక్షిగా అనియూ చేయవచ్చు. మొదటి మాట ఎవరి విశ్వాసాన్ని బట్టి వారిది. ఆ తరువాత వచ్చే బాధ్యతలు మాత్రం ఒక్క అక్షరం మారకుండ ఇద్దరికీ ఒకటే. కర్త విషయంలో పౌరునికి స్వేచ్ఛనిచ్చి, కర్తవ్య విషయంలో మినహాయింపు ఇవ్వని ఆ ఏర్పాటు, ఇన్ని మతాల ఈ దేశంలో మనం కలిసి బ్రతకడానికి వేసిన పునాది.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే బల్లపై కూర్చుంటున్నాము. మసీదుకు పోయేవారు, మందిరానికి పోయేవారు, చర్చికి పోయేవారు, ఎక్కడికీ పోనివారు ఒకే పంక్తిలో భోజనం చేస్తున్నాము. మొదటి ప్రశ్నకు మనమందరం ఒకే సమాధానం చెప్పే రోజు వస్తుందని మేము అనుకొనడం లేదు. వేయి సంవత్సరాల పండితులకు తెగనిది మన మూడు సంవత్సరాల డిగ్రీలో తెగుతుందని ఆశించడం అత్యాశ. కాని ఆ ప్రశ్న తెగేవరకు రెండవదానిని వాయిదా వేయడానికి వీలు లేదు. పరీక్షా మందిరంలో ప్రక్కవాని కాగితం కనిపిస్తున్నప్పుడు, క్రొత్తగా చేరిన పల్లెటూరి విద్యార్థిని నలుగురూ కలిసి హేళన చేస్తున్నప్పుడు, మెస్సు బిల్లులో ఒక నూనె డబ్బా తప్పిపోయినప్పుడు, సమాధానం అప్పటికప్పుడే చెప్పవలసి ఉంటుంది.

కళాశాల పెద్దలకు కూడ మాదొక మనవి. వచ్చే సంవత్సరం వక్తృత్వపు పోటీలో ఈ విషయాన్ని పెట్టదలచితే, రెండు ప్రశ్నలను విడదీసి రెండు రోజులు పెట్టవలసిందిగా కోరుతున్నాము. మొదటి రోజు ఎవరు గెలిచినా, రెండవ రోజుకు వారి గుణగణాలపై ఆ ఫలితం నీడ పడకూడదు. కర్తను గురించిన చర్చ రాత్రంతా సాగినా మాకు అభ్యంతరం లేదు. మూడు గంటలకు లేచి వంటవారిని లేపవలసినవాడు మాత్రం, ఏ పక్షంవాడైనా సరే, లేవవలసి ఉన్నది. తెల్లవారితే ఉపవాసం ఉండవలసినవారు అతనిని నమ్ముకొని నిద్రపోతున్నారు.